తిక్క రేగిన సామాన్యుడి సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాఫిక్‌లో ఇరుక్కుని, క్యూలో నిలబడి, కౌంటర్ దగ్గర మాట పడి, చివరికి ఒకరోజు అరికాలి మంట నెత్తికెక్కిన మామూలు మనుషుల మీద తీసిన సినిమాల గురించి ఈ పేజీ. కథలు చివరిదాకా చెప్పేశాను. ముగింపు ముందే తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్లు సినిమా చూశాకే ఆ జవాబు చదవండి.

అసలు ఏ సినిమాలు ఈ కోవలోకి వస్తాయి?

హీరోకి ఒక ఉద్యోగమో, ఉద్యోగం పోయిన దిగులో ఉండాలి. నెలాఖరు లెక్కలుండాలి. పోలీసు, రౌడీ, మాజీ కమాండో లాంటివాడు కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అతన్ని రెచ్చగొట్టేది మనమంతా రోజూ పళ్లు బిగించి భరించేదే అయ్యుండాలి. కూతుర్ని చంపినవాణ్ని తండ్రి వెతికి చంపితే అది పగ. కూతురి పుట్టినరోజు కేకు కొనడానికి ఆపిన కారును టోయింగ్ వాళ్లు ఎత్తుకుపోయారని తండ్రి బాంబు పెడితే అది ఈ కోవ. కారణం ఎంత చిన్నదైతే సినిమా అంత ప్రమాదకరంగా ఉంటుంది. పగ కథలో హీరో పక్షాన నిలబడటానికి మనకేం ఇబ్బంది ఉండదు. ఇక్కడ మాత్రం "వీడు చేసింది తప్పే, కానీ..." అని నసగాల్సి వస్తుంది. ఆ "కానీ" దగ్గరే ఈ సినిమాలు నడుస్తాయి.

ఇంతవరకూ ఇలాంటివేవీ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

1993లో వచ్చిన 'ఫాలింగ్ డౌన్'తో. దర్శకుడు జోయెల్ షూమాకర్, రాసింది ఎబ్బీ రో స్మిత్, ముఖ్యపాత్రలో మైకేల్ డగ్లస్. లాస్ ఏంజెలెస్‌లో మండుటెండ. రోడ్డు పనుల వల్ల ట్రాఫిక్ ఆగిపోయింది. విలియం ఫాస్టర్ కారులో ఏసీ పనిచేయదు, కిటికీ అద్దం దించబోతే హ్యాండిల్ ఊడొస్తుంది, ఒక ఈగ మెడ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పొట్టి చేతుల తెల్ల చొక్కా, టై, గుండుకి కాస్త ఎక్కువైన క్రాపు. అతను కారును రోడ్డు మధ్యలోనే వదిలేసి, ఇంటికి పోతున్నానని చెప్పి నడక మొదలుపెడతాడు. కథంతా అదే, ఊరికి అడ్డంగా ఒక మనిషి నడక.

ఇల్లంటే అతని ఇల్లు కాదని తర్వాత తెలుస్తుంది. భార్య విడాకులు తీసుకుంది, దగ్గరికి రావద్దని కోర్టు ఉత్తర్వు కూడా ఉంది. ఆ రోజు కూతురి పుట్టినరోజు. రక్షణ రంగ కంపెనీలో ఉద్యోగం నెల క్రితమే పోయింది, అయినా రోజూ పొద్దున్నే టై కట్టుకుని బయల్దేరుతున్నాడు. ఆఫీసు బ్రీఫ్‌కేసు పట్టుకునే తిరుగుతాడు. పార్కులో ఒకడు డబ్బులడిగి సతాయిస్తే ఆ బ్రీఫ్‌కేసు అతని మీదికి విసిరేసి వెళ్లిపోతాడు. తెరిచి చూస్తే లోపల ఒక శాండ్‌విచ్, ఒక యాపిల్. ఉద్యోగం పోయినవాడి బతుకు ఇంత తక్కువలో చెప్పిన సీను నాకు ఇంకోటి తోచదు. సోవియట్ యూనియన్ కూలి ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక దక్షిణ కాలిఫోర్నియాలో విమాన, రక్షణ పరిశ్రమలు వేలమందిని ఇంటికి పంపాయి. ఫాస్టర్ ఆ గుంపులో మనిషి.

అందరూ చెప్పే ఆ బర్గర్ షాపు సీనులో అంత గొప్పేముంది?

టైము. టిఫిన్ 11:30కి ఆపేస్తారు. ఫాస్టర్ కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి దాటింది మూడంటే మూడు నిమిషాలు. వంటగదిలో టిఫిన్ ఇంకా ఉందని అందరికీ తెలుసు. కౌంటర్లో అమ్మాయీ మేనేజరూ నవ్వుతూ, తర్ఫీదిచ్చిన గొంతుతో కుదరదంటారు. అతను సంచిలోంచి తుపాకి తీస్తాడు. అప్పుడు మాత్రం టిఫిన్ కుదురుతుంది! కానీ అతను మనసు మార్చుకుని లంచ్ అడుగుతాడు. బర్గర్ వచ్చాక గోడ మీది బొమ్మ చూపిస్తాడు. బొమ్మలో లావుగా, నిగనిగలాడుతూ ఉంది. చేతిలోది అణిగిపోయి, వాడిపోయి ఉంది. ఈ రెండిటికీ పోలిక ఎవరైనా చెబుతారా అని అక్కడ వణుకుతున్న జనాన్ని అడుగుతాడు.

ఇక్కడ నవ్వని ప్రేక్షకుడుండడు. ఎందుకంటే ఆ బొమ్మ మనందరినీ మోసం చేసింది. అదే సమయంలో కెమెరా అక్కడున్నవాళ్ల మొహాలు కూడా చూపిస్తుంది. వాళ్లలో ఒక్కడూ బర్గర్ గురించి ఆలోచించడం లేదు, ప్రాణం గురించి ఆలోచిస్తున్నాడు. మన నవ్వు, వాళ్ల భయం ఒకే ఫ్రేములో పెట్టడమే ఆ సీను గొప్పతనం. తుపాకి అనుకోకుండా పేలి పైకప్పుకి చిల్లులు పడినప్పుడు ఫాస్టర్ కూడా ఉలిక్కిపడతాడు. అతను గూండా కాదు, గూండాగిరీ చేతకాదు. భయం అక్కడే ఎక్కువవుతుంది.

మరి ఫాస్టర్ హీరోనా, విలనా?

చివర్లో సముద్రం మీది వంతెన దగ్గర అతనే ఈ ప్రశ్న వేసుకుంటాడు, తను చెడ్డవాడినా అని నిజంగానే ఆశ్చర్యపోతూ. ఎదురుగా ఉన్న డిటెక్టివ్ ప్రెండర్‌గాస్ట్ అవునంటాడు. రాబర్ట్ డ్యూవాల్ వేసిన ఈ పాత్రని చాలామంది మర్చిపోతారు. నన్నడిగితే సినిమా తాళం అతని దగ్గరే ఉంది. అతనికి అది రిటైర్మెంటు రోజు. ఆఫీసులో గౌరవం లేదు, ఇంట్లో భార్య నిమిషానికోసారి ఫోన్ చేస్తుంది, బిడ్డ పోయిన దుఃఖం ఉంది. అదే ఊరు, అదే ఎండ, అవే చిరాకులు. అతను మాత్రం ఆ చిరాకుతో ఎవరి మీదా తుపాకి ఎత్తలేదు. పరిస్థితులే మనిషిని అలా చేశాయనే వాదనకి సినిమా లోపలే ఉన్న జవాబు ఇతను.

ఇంకో సీను కూడా ఉంది. ఫాస్టర్ పాత హోమ్ వీడియో పెట్టుకుని చూస్తాడు. పసిపిల్ల ఏడుస్తున్నా ఆటగుర్రం మీద కూర్చోబెట్టాలని పట్టుబడుతూ, భార్య మీద గొంతు పెంచుతూ కనిపిస్తాడు. అంటే కోపం ఈ రోజు ట్రాఫిక్‌లో పుట్టింది కాదు. దాన్ని భార్య ముందే చూసింది, అందుకే పారిపోయింది. తల్లి కూడా అతనికి భయపడుతూనే బతుకుతోంది. మొదటిసారి చూసినప్పుడు ఫాస్టర్‌తో నడుస్తాం. రెండోసారి చూస్తే ఫోన్ మోగిన ప్రతిసారీ హడలిపోతున్న భార్య వైపు నుంచి చూస్తాం. ఆ రెండోసారి అది హారర్ సినిమా.

ఈ సినిమా మీద అప్పట్లో గొడవ ఎందుకైంది?

కొరియన్ షాపు సీను వల్ల. ఫాస్టర్‌కి ఫోన్ చేయడానికి చిల్లర కావాలి. ఏదైనా కొంటేనే చిల్లరిస్తానంటాడు యజమాని. కోక్ డబ్బా 85 సెంట్లు, అది కొంటే మిగిలే చిల్లర ఫోనుకి చాలదు. ఫాస్టర్ బేస్‌బాల్ బ్యాట్ లాక్కుని ధరలన్నీ 1965 నాటికి దించమంటూ షాపంతా పగలగొట్టి, చివరికి కోక్‌కి 50 సెంట్లు ఇచ్చి మరీ పోతాడు. ఆ యజమాని ఉచ్చారణని వెక్కిరిస్తాడు కూడా.

సందర్భం చూడండి. 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులను జ్యూరీ వదిలేయడంతో లాస్ ఏంజెలెస్ తగలబడింది. బాగా నష్టపోయినవాళ్లలో కొరియన్ దుకాణదారులు ముందున్నారు. సినిమా షూటింగ్ అప్పుడు ఆ ఊళ్లోనే జరుగుతోంది. మరుసటి ఏడాది తెర మీద ఒక తెల్లవాడు కొరియన్ షాపుని బద్దలు కొడుతుంటే హాల్లో చప్పట్లు పడితే ఆ కుటుంబాలకి ఎలా ఉంటుంది? వాళ్ల నిరసనలో న్యాయముంది. సినిమాని వెనకేసుకొచ్చేవాళ్లు ఫాస్టర్‌ని సినిమా సమర్థించలేదంటారు, అది కూడా నిజమే. నాజీ సామాన్లు దాచుకున్న షాపువాడు "నువ్వూ నేనూ ఒకటే" అన్నట్టు దగ్గరికొస్తే ఫాస్టర్‌కి పరమ అసహ్యం వేస్తుంది. కానీ రచయిత అక్కడ హీరోని కాస్త తేలిగ్గా వదిలేశాడని నా అనుమానం. వాడికన్నా మంచివాణ్నని అతనూ అనుకుంటాడు, మనమూ అనుకుంటాం.

అర్జెంటీనా సినిమా ఒకటుందంటారు, అదేంటి?

'రెలాతోస్ సాల్వాహెస్', ఇంగ్లిష్‌లో 'వైల్డ్ టేల్స్', 2014. దర్శకుడు దామియాన్ సిఫ్రోన్. ఒకదానితో ఒకటి సంబంధం లేని 6 కథలు. ఆస్కార్‌కి విదేశీ భాషా చిత్రాల విభాగంలో నామినేట్ అయింది. ఇందులో నాలుగో కథ, 'బొంబీతా', ఈ కోవకే తలమానికం.

సిమోన్ పాత కట్టడాలను పేల్చి కూల్చే ఇంజినీరు. వేషం రికార్దో దారిన్‌ది. కూతురి పుట్టినరోజుకి కేకు తీసుకుని బయటికొచ్చేసరికి కారు లేదు, టో చేసేశారు. అక్కడ ఆపకూడదని తెలిపే పసుపు గీత సరిగ్గా కనిపించనే లేదు. యార్డుకి వెళ్లి గీత లేదని మొత్తుకుంటాడు. ముందు డబ్బు కట్టు, తర్వాత చెప్పుకో అంటాడు కౌంటర్లో మనిషి. కట్టి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికి చేరేసరికి పార్టీ అయిపోయింది. మర్నాడు జరిమానా కట్టే ఆఫీసుకి వెళ్లి, క్షమాపణ ఎక్కడ చెబుతారో ఆ కౌంటరు చూపించమంటాడు. తర్వాత మంటలార్పే సిలిండర్ తీసుకుని అద్దం మీద బాదుతాడు. ఉద్యోగం పోతుంది, భార్య విడాకులంటుంది, కారు మళ్లీ టో అవుతుంది. అప్పుడతను తనకొచ్చిన విద్య వాడతాడు. డిక్కీలో పేలుడు పదార్థాలు పెట్టి, టోయింగ్ జరిగేచోట కారుని తనే ఆపి, ఎదురుగా కాఫీ తాగుతూ కూర్చుంటాడు. యార్డులో కారు పేలుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. పేలుడుకి ఎంత మందు వాడాలో తెలిసినవాడు కదా. జైలుకెళ్లాక జనం అతన్ని ఆకాశానికెత్తేస్తారు, విడిపోతానన్న భార్య కూతుర్ని తీసుకుని కేకుతో జైలుకొస్తుంది.

మన నగరాల్లో బండి టో అయినవాడెవడైనా ఈ కథ చూస్తూ లేచి నిలబడి ఈలేస్తాడు. నేనూ వేశాను. కానీ సిఫ్రోన్ తెలివి ఏమిటంటే, ఆ ఈల వేయించుకోవడానికి ముందే, మూడో కథలో రోడ్డు మీద తిట్టుకున్న ఇద్దరు డ్రైవర్ల గతి చూపించాడు. ఒకడిది ఖరీదైన కొత్త కారు, ఇంకొకడిది పాత డొక్కు. దారివ్వలేదని ఒక తిట్టు, ఒక సైగ. అక్కణ్నుంచి మొదలై ఇద్దరూ ఒకే కారులో కాలిపోతారు. ఒకరినొకరు పట్టుకున్న అస్థిపంజరాలను చూసి పోలీసులు ఇదేదో ప్రేమ వ్యవహారం అనుకుంటారు. ఒక కథలో కోపానికి కేకు దొరికింది, ఇంకో కథలో బొగ్గు మిగిలింది.

మన తెలుగులో ఇలాంటివి లేవా?

కోపమున్న సామాన్యులకు కొదవ లేదు. చిరాకుపడ్డ సామాన్యుడు మాత్రం అరుదు. తేడా చెబుతాను.

మనం బాగా ఆదరించిన మూడు సినిమాలు తీసుకోండి. శంకర్ 'భారతీయుడు' (1996), వినాయక్ 'ఠాగూర్' (2003), మళ్లీ శంకర్‌దే 'అపరిచితుడు' (2005). ఇందులో రెండు తమిళం నుంచి డబ్ అయినవి, ఒకటి తమిళ 'రమణ'కి రీమేక్. మూడింటిలోనూ ఫిర్యాదులు పక్కా రోజువారీవే: లంచం, ఆస్పత్రి బిల్లు, నాసిరకం బ్రేకు వైరు, రైల్లో పాచి భోజనం. కానీ హీరో ఆయుధం పట్టడానికి అవి చాలవు. 'భారతీయుడు'లో కాలిన గాయాలతో కూతురు చనిపోవాలి. 'ఠాగూర్'లో నాసిరకంగా కట్టిన అపార్ట్‌మెంటు కూలి భార్యాబిడ్డలు పోవాలి. 'అపరిచితుడు'లో వాన నీళ్లలో తెగిపడ్డ కరెంటు తీగ తగిలి చెల్లెలు పోవాలి. చావు సర్టిఫికెట్ జత చేస్తే తప్ప మన సినిమాలో కోపానికి పర్మిషన్ రాదు. ఒకసారి వచ్చాక ఆ కోపం వ్యక్తిది కాకుండా దేశానిది అయిపోతుంది. టీవీ చానళ్లు, స్టేడియం, కోర్టులో ఉపన్యాసం.

దీనివల్ల పోయేదేంటంటే, ప్రేక్షకుడికి తన మీద తనకి అనుమానం కలిగే అవకాశం. ఆసుపత్రిలో శవానికి వైద్యం చేసి బిల్లు వేసే 'ఠాగూర్' సీను చూసి ఎవరైనా డాక్టర్ పక్షాన ఉంటారా? బర్గర్ సీనులో అలా కాదు. అక్కడ రెండు పక్కలా మనమే ఉన్నాం.

'అపరిచితుడు'ని మీరు మరీ తక్కువ చేయట్లేదా?

లేదు, నాకు ఇష్టమైన సినిమా. నిజానికి ఆ మూడింటిలో ఈ కోవకి దగ్గరగా వచ్చేది అదే. మొదటి అరగంటలో విక్రమ్ వేసిన రామానుజం అనే లాయరు రూల్సు పట్టుకుని ఊరంతా తిరుగుతూ అందరితో తిట్లు తింటాడు. నవ్వుల పాలయ్యే ఆ మంచితనంలో నిజమైన చిరాకుంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాణ్ని కారెక్కించుకోని పెద్దమనిషి మొహం, ఫిర్యాదు చేస్తే పట్టించుకోని వ్యవస్థ, ఇవన్నీ బాగా కుదిరాయి. ఆ తర్వాత గరుడ పురాణం శిక్షలు మొదలయ్యాక ఫిర్యాదుని మర్చిపోయి నూనె బాణలి చూస్తాం. పైగా ఇదంతా చేసింది అతనిలోని ఇంకో మనిషని చెప్పడంతో రామానుజానికి పూచీ లేకుండా పోయింది. ఫాస్టర్‌కి ఆ సౌకర్యం లేదు, చేసిందంతా అతనే.

అచ్చంగా చిన్న కారణం మీద నడిచే తెలుగు సినిమా ఒక్కటైనా చెప్పండి.

వెంకటేశ్ మహా తీసిన 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' (2020). మలయాళ 'మహేషింటె ప్రతికారం'కి రీమేక్. అరకులో ఫోటో స్టూడియో నడిపే మెతక మనిషి మహేశ్, వేషం సత్యదేవ్‌ది. నడిరోడ్డు మీద ఊరందరి ముందు తన్నులు తింటాడు. కొట్టినవాణ్ని తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. ఎవరూ చావలేదు, సమాజం బాగుపడాల్సిన పనీ లేదు. పోయింది పరువు, అంతే. ఒట్టు తీర్చుకుందామంటే కొట్టినవాడు ఊళ్లో లేడు! మధ్యలో బతుకు నడుస్తూనే ఉంటుంది. ప్రేమ పోతుంది, ఇంకో ప్రేమ వస్తుంది, ఫోటోలు తీయడం నిజంగా నేర్చుకుంటాడు. ఈ సినిమాలో కోపానికి ఆగే గుణం ఉంది. అందుకే నవ్వొస్తుంది, అందుకే చివరి కొట్లాట పెద్ద స్టార్ సినిమా క్లైమాక్సు కన్నా బాగా పట్టుకుంటుంది.

'ఈనాడు' ఈ కోవలోకి వస్తుందా?

సగం. 2008 నాటి హిందీ మాతృక 'ఎ వెడ్నెస్‌డే'లో నసీరుద్దీన్ షా తనని తాను మామూలు మనిషినని చెప్పుకుంటాడు, కూరగాయల సంచీ పట్టుకుని తిరుగుతాడు. బాంబులంటూ పోలీసులను బెదిరించడానికి అతని కారణం కూడా ఆసక్తికరమైనది. రైలు పేలుళ్లలో పోయింది సొంతవాళ్లు కాదు, రోజూ లోకల్ ట్రైన్‌లో పలకరింపుగా తలూపే ఒక కుర్రాడు. కానీ అతను పక్కా ప్లాన్‌తో వచ్చాడు, ఓపిక తెగి కాదు. తెలుగులో 2009లో కమల్ హాసన్, వెంకటేశ్ చేశారు.

'దృశ్యం'?

రాదు. అది భయం మీద, తెలివి మీద నడిచే కథ.

ఆడవాళ్లకు ఓపిక నశించిన సినిమాలు లేవా? అంతా మగవాళ్ల గోలేనా?

ఉన్నాయి, అవే మెరుగ్గా ఉన్నాయి. మగవాడి కోపానికి ఒక్క రోజు చాలు. ఆడవాళ్ల సినిమాల్లో అది ఏళ్ల తరబడి ఉడుకుతుంది.

జియో బేబీ తీసిన మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) చూడండి. కొత్త కోడలు. భర్త బడిలో పాఠాలు చెప్పే మర్యాదస్తుడు, మామగారు గొంతు పెంచరు, ఎవరూ ఆమెని కొట్టరు. మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే ఉడకాలి, బట్టలు చేత్తోనే ఉతకాలి. తిన్నాక నమిలి ఉమ్మిన మునక్కాడ పిప్పి బల్ల మీదే వదిలేస్తారు. సింకు కింద పైపు కారుతుంటుంది. ప్లంబర్ని పిలవమని భర్తకి చెబుతుంది, అతను మర్చిపోతాడు. మళ్లీ చెబుతుంది, మళ్లీ మర్చిపోతాడు. ఆమె కింద గోనెపట్టా వేస్తుంది, బకెట్ పెడుతుంది, చేతులు వాసన చూసుకుంటుంది. సినిమాలో పాటల హోరు లేదు, కూరగాయలు తరిగే చప్పుడు, గిన్నెలు తోమే చప్పుడు, నీళ్లు కారే చప్పుడు. చివరికి ఆ బకెట్లో చేరిన మురికినీళ్లే వాళ్ల మొహాన కొట్టి బయటికి నడుస్తుంది. తుపాకీ లేదు, బాంబు లేదు. ఒక ప్లంబర్ని పిలిస్తే పోయే పని. మన ఇళ్లలో ఈ సినిమా చూసి మగవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోయారంటే నాకు ఆశ్చర్యం లేదు.

దీనికి ముత్తవ్వ లాంటి సినిమా 'జాన్ దీల్మాన్', 1975, దర్శకురాలు బెల్జియంకి చెందిన శాంతాల్ ఆకెర్మాన్. 201 నిమిషాలు, మూడు రోజుల ఇంటిపని. బంగాళాదుంపలు చెక్కు తీయడం, పక్క సర్దడం, బూట్లకు పాలిష్. బతుకుతెరువు కోసం ఆమె మధ్యాహ్నాలు ఇంటికి విటులను రానిస్తుంది, అది కూడా ఇంటిపనుల్లో ఒకటన్నట్టే. రెండో రోజు దుంపలు మాడతాయి, దాంతో మొత్తం దినచర్యలో ఎక్కడో ఒక మర జారిపోతుంది. మూడో రోజు కత్తెర. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో ఇది చరిత్రలోకెల్లా మేటి చిత్రంగా మొదటి స్థానంలో నిలిచింది. ఓపిక ఉంటేనే చూడండి, ఆ ఓపికని పరీక్షించడమే సినిమా పని.

తెలుగులో టి. కృష్ణ 'ప్రతిఘటన' (1985) ఉంది. కాలేజీ లెక్చరరుగా విజయశాంతి, చివర్లో గొడ్డలి. అక్కడ జరిగే అన్యాయం రోజువారీ చిరాకు కాదు, ఘోరం. అయినా ఈ మాట చెప్పాలి: ఆమెని ఎక్కువగా విరిచింది రౌడీ కాదు, చూస్తూ నోరు మూసుకున్న భర్త, క్లాసులో వెక్కిరించిన విద్యార్థులు. ఆ భాగం ఇప్పటికీ పాతబడలేదు.

రక్తం, తుపాకులు చూడలేను. మెత్తటివి ఏమైనా?

కెన్ లోచ్ తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్' (2016, కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్). ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 59 ఏళ్ల వడ్రంగి. గుండెపోటు వచ్చింది, పనిచేయొద్దంది డాక్టరు. ప్రభుత్వ ఫారం మాత్రం పనిచేయగలడని తేల్చింది. అప్పీలు చేద్దామంటే ఫోన్లో గంటల తరబడి సంగీతం, దరఖాస్తు ఆన్‌లైన్లోనే చేయాలి, మౌస్ ఎలా పట్టుకోవాలో అతనికి రాదు. మన దగ్గర వేలిముద్ర పడక రేషన్ ఆగిన ముసలమ్మని, ఓటీపీ వచ్చేలోపు టైమ్ అయిపోయిన పెన్షనర్ని చూసినవాళ్లకి ఈ సినిమాకి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు. ఒకరోజు అతను ఆఫీసు బయటికొచ్చి గోడ మీద స్ప్రే పెయింటుతో తన పేరు, తన డిమాండు రాస్తాడు. అతని తిరుగుబాటు మొత్తం అంతే. రోడ్డవతల జనం చప్పట్లు కొడతారు, పోలీసులు తీసుకెళతారు.

నవ్వుకోవాలంటే మైక్ జడ్జ్ 'ఆఫీస్ స్పేస్' (1999). మాటిమాటికీ మొరాయించే ప్రింటర్ని ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పొలంలోకి తీసుకెళ్లి బ్యాట్‌తో చితక్కొడతారు. థియేటర్లలో ఆడలేదు, తర్వాత వీడియోల్లో, టీవీలో జనం తలకెత్తుకున్నారు. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి ఇది సినిమా కాదు, డాక్యుమెంటరీ. మిల్టన్ అనే నసుగుడు మనిషి దగ్గర్నుంచి కుర్చీ, చోటు, జీతం, చివరికి ఎర్ర స్టేప్లర్ కూడా లాక్కుంటారు. అతనేం చేస్తాడో చూసి తెలుసుకోండి.

తమిళంలో రాజు మురుగన్ 'జోకర్' (2016) కూడా. మరుగుదొడ్డి పథకం అవినీతిలో బతుకు చితికిన పల్లెటూరి మనిషి తానే దేశానికి రాష్ట్రపతినని ప్రకటించుకుని ఉత్తర్వులు జారీ చేస్తుంటాడు.

హాలీవుడ్ 'జోకర్' గురించి చెప్పలేదేం?

వాకీన్ ఫీనిక్స్ నటన గురించి వేలెత్తి చూపడానికేం లేదు. కానీ అందులో అన్ని కష్టాలూ ఒక్కడి మీదే కుమ్మరించారు: జబ్బు, పేదరికం, తల్లి అబద్ధం, ఉద్యోగం, వెక్కిరింపు. అంత భారం మోసేవాడు మామూలు మనిషి కాడు, అందుకే అతన్ని చూస్తే జాలేస్తుంది తప్ప నా గురించి నాకు భయం వేయదు.

ఇవి చూస్తే కోపం తగ్గుతుందా, పెరుగుతుందా?

లోపలిది కక్కేస్తే మనసు తేలికవుతుందని మన పెద్దవాళ్లూ అంటారు. అయితే 2002లో అమెరికన్ మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, తమకి కోపం తెప్పించినవాణ్ని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్ల కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే నయం. అది సినిమాల మీద చేసిన ప్రయోగం కాదు కాబట్టి ఇక్కడికి నేరుగా తెచ్చి అంటించలేం. నా వరకు చెప్పాలంటే, హీరో గెలిచే సినిమా చూసి బయటికొస్తే పార్కింగ్ దగ్గరే హారన్ కొట్టబుద్ధేస్తుంది. 'ఫాలింగ్ డౌన్' లాంటిది చూశాక కాసేపు ఎవరి మీదా అరవబుద్ధి కాదు. నిజంగానే కోపం చేయి దాటుతోందనిపిస్తే సినిమాలతో సరిపెట్టుకోకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, డబ్బులు తీసుకోరు.

పిల్లలతో కూర్చుని చూడొచ్చా?

'ఉమామహేశ్వర'ని చూడొచ్చు. 'వైల్డ్ టేల్స్'ని వద్దు. దాని మొదటి కథ విమానంలో నడుస్తుంది, కక్ష పెట్టుకున్నవాడు దాన్ని ఏం చేస్తాడన్నదే కథ. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలని కూల్చేశాడు. అదే వారంలో బ్రిటన్‌లో ఈ సినిమా విడుదలైతే థియేటర్లు ప్రేక్షకులకి ముందుగా హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది.

ఇలాంటి కథతో షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. ఏమైనా సలహా?

ముందు ఆ చిరాకుని కొలవండి. ఎన్ని నిమిషాలు, ఎన్ని రూపాయలు, ఏ కౌంటరు. "సమాజంలో అన్యాయం" అని రాస్తే ఎవరికీ తగలదు. 11:33 అని రాస్తే తగులుతుంది. సర్టిఫికెట్ కోసం సెలవు పెట్టి వచ్చినవాడికి "సర్వర్ డౌన్, రేపు రండి" అన్నారనుకోండి. రేపు వస్తే సర్వర్ ఉంది, సార్ లేరు. ఎల్లుండి సార్ ఉన్నారు, జిరాక్సులో సంతకం లేదు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు, అందరూ "కూర్చోండన్నా" అన్నారు. ఇప్పుడతను ఎవరి మీద అరవాలి? ఆ ప్రశ్నకి జవాబు దొరక్కపోవడమే మీ కథ.

కౌంటర్ అవతలి మనిషిని రాక్షసుణ్ని చేయకండి. ఆమెకీ పొద్దున బస్సు దొరకలేదు, ఆమె ముందు కూడా చాంతాడంత క్యూ ఉంది. హీరోకి ఒక విద్య ఇవ్వండి, కోపం ఆ విద్య రూపంలోనే బయటికి రావాలి. సిమోన్ ఇంజినీరు కాబట్టి లెక్కగా పేల్చాడు. మీ హీరో టైలరైతే ఏం చేస్తాడు? లైన్‌మ్యాన్ అయితే? ఊరందరి కరెంటు అతని చేతిలో ఉంది మరి.

చెల్లెల్ని మాత్రం చంపకండి, దయచేసి.

ఇవాళ రాత్రి ఒక్క సినిమాకే టైముంది.

రెండు గంటలుంటే 'ఫాలింగ్ డౌన్'. అరగంటే ఉంటే 'వైల్డ్ టేల్స్'లో బొంబీతా ఒక్కటి పెట్టుకోండి, విడిగా చూసినా అర్థమవుతుంది. ఇంట్లో సింకు కారుతుంటే మాత్రం జియో బేబీ సినిమా, ఇద్దరూ కలిసి.